అడగని సలహాతో నడిచే రైలు

నీలంగెడ్డ స్టేషన్లో ఆవిరి ఇంజను బొగ్గుతో కాకుండా ప్రయాణికులు ఇచ్చే సలహాలతో నడుస్తుందన్నది అక్కడ ఎవరికీ ఇబ్బంది కాదు. ఇబ్బందల్లా ప్లాట్‌ఫారం మీదున్న ఒకే ఒక్క మంచినీళ్ళ కుళాయితోనే. తిప్పితే దగ్గుతుంది, కట్టేస్తే కారుతుంది. సీసా పట్టుకుని వెళ్ళినవాళ్ళు చొక్కా తడుపుకుని తిరిగొస్తారు, సీసా మాత్రం పొడిగానే ఉంటుంది. ఈ కుళాయిని చూసి విసుక్కోని మనిషి ఆ స్టేషన్లో ఇంతవరకు దిగలేదు. విసుక్కున్నాక, లోపల వాషరు మారిస్తే చాలనో, వాషరు కాదు పైపే మార్చాలనో చెప్పకుండా బండెక్కిన మనిషీ లేడు. స్టేషన్ ఇన్‌ఛార్జి ఇందుమతి దాన్ని బాగు చేయించకపోవడానికి కారణం అదే. పొద్దున్నే పొయ్యి రాజెయ్యాలంటే ఎండుపుల్లల్లాంటి చిన్నచిన్న సలహాలు కావాలి. అవి కుళాయి దగ్గర దొరికినంత ధారాళంగా మరెక్కడా దొరకవు. అందుకని ఇంజనును సరిగ్గా కుళాయి పక్కనే నిలబెడతారు.

నీలంగెడ్డ నుంచి పైకోన దాకా అడవిలో వేసిన ఈ చిన్న పట్టాల లైను ఒకప్పుడు కొండ మీద నుంచి కలప దింపడానికి పనికొచ్చేది. కలప అయిపోయాక మూసేశారు. తుప్పు బాగా పట్టాక, ఇప్పుడిది చూడదగ్గ వస్తువైంది కదా అని మళ్ళీ తెరిచారు. తెరిచిన కొత్తలో బొగ్గుతోనే నడిపారు. ఒక ఏడాది బొగ్గు రాలేదు. పొయ్యి చల్లారిపోయి అందరూ దిగాలుగా నిలబడి ఉండగా, విజయనగరం నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి పొయ్యిలోకి తల దూర్చి, ముట్టించే పద్ధతి ఇది కాదయ్యా అని మొదలుపెట్టాడు. ఆయన ముగించేలోగా ఆవిరి మీటరులో ముల్లు సగం దాటింది, ఆయన కనుబొమ్మలు పోయాయి. పై ఆఫీసు నుంచి విచారణకు అధికారులు వచ్చారు. సలహా స్వదేశీ ఇంధనమేననీ, పొగ తక్కువనీ, సమీప భవిష్యత్తులో కొరత వచ్చే సూచనలేవీ లేవనీ తేల్చారు. పోతూపోతూ తలా ఒక సలహా ఇచ్చారు. ఆ సాయంత్రం బండి వాటితోనే కొండెక్కింది.

అయితే అన్ని సలహాలూ మండవు. అడగకుండా ఇచ్చినదే మండుతుంది. అడిగి తీసుకున్న సలహా పచ్చికర్రలాగా కాసేపు చిటపటలాడి ఆరిపోతుంది. "మా బావమరిది రైల్వేలోనే చేస్తాడు" అని మొదలయ్యేది ఎక్కువసేపు నిలకడగా కాలుతుంది. "నేను ముందే చెప్పాను" అన్నదానికి వేడి ఉండదు గానీ కూత బాగా వస్తుంది. హుకుములు పనికిరావు. పెళ్ళికి ముందు ఫొటోలు దిగడానికి వచ్చే జంటల వెంట ఉండే ఫొటోగ్రాఫర్ గంటసేపు అరిచినా ముల్లు కదలదు. ఇవన్నీ సిబ్బందికి శిక్షణలోనే నేర్పుతారు.

ఇంజను వెనకే ఉండే మొదటి పెట్టెకు ముందువైపు గోడ ఉండదు. దాన్లో కూర్చున్నవాళ్ళ ఎదురుగా పెద్ద ఇత్తడి గరాటా ఒకటి ఉంటుంది, దాని గొట్టం తిన్నగా పొయ్యిలోకి పోతుంది. గరాటా పక్కన నిలబడేవాడు ఫైర్‌మన్ పైలా కూర్మినాయుడు. వేరే చోట ఫైర్‌మన్ అంటే పార పట్టాలి. ఇక్కడ పార ఊరికే చేతిలో ఉంచుకుని మొహం పెట్టాలి. ఏ మర తిప్పాలో తెలియనట్టు, తెలిసినా ధైర్యం చాలనట్టు, ఎవరైనా పుణ్యాత్ముడు చెబితే బాగుండునన్నట్టు నిలబడాలి. నోరు తెరిచి అడగడం మాత్రం నిషేధం. కూర్మినాయుడి మొహం ఈ పనికి పుట్టినట్టుంటుంది. అతను తల గోక్కుంటే చాలు, పెట్టెలో సగంమంది లేచి నిలబడతారు. డ్రైవరుకు చెవుడు. అది ఆ ఉద్యోగానికి మొదటి అర్హత. చెవులు వినపడే డ్రైవరు ఒకతను మునుపు ఉండేవాడు, విన్నవన్నీ చేసి బండిని పక్కనున్న గెడ్డ వాగులో దింపాడు.

ఆదివారాలు వచ్చే జనాన్ని చూసి తీరాలి. ఒకాయన పొడుగాటి కర్రకు మైకు కట్టుకుని ఇంజను శబ్దం పట్టుకోవడానికి వస్తాడు. కూత స్వచ్ఛంగా రావాలని పెట్టెలో అందరినీ నోరు మూసుకోమంటాడు. వాళ్ళు మూసుకోగానే బండి ఆగిపోతుంది. కొండల్లో నిశ్శబ్దమంతా రికార్డు చేసుకుని, శబ్దం బాగా రాలేదని ఇందుమతికి ఫిర్యాదు చేసి వెళ్తాడు. మళ్ళీ వస్తాడు. ఒకావిడ పులిహోర గిన్నెతో వచ్చి, ఇంజనుకు దిష్టి తగిలిందని, చక్రాలకు నిమ్మకాయలు కట్టమని చెబుతుంది. ఆ ఒక్కమాట మీద బండి వంతెన దాటుతుంది. హైదరాబాదు నుంచి వచ్చిన ఒక కుటుంబం పైకోన చేరాక, వీడియో సరిగ్గా రాలేదు, ఒక్కసారి వెనక్కి తీసుకెళ్ళి మళ్ళీ ఎక్కించమంది. కుదరదంటే, ఎలా కుదురుతుందో చెప్పింది. దానితో బండి నిజంగానే వెనక్కి వెళ్ళింది.

వీళ్ళందరిలోకి పెద్ద ఆసరా విశ్వేశ్వరరావు. విశాఖపట్నంలో బ్యాంకు మేనేజరుగా రిటైరయ్యాడు. ఖాకీ కోటు కుట్టించుకుని, ఇత్తడి బొత్తాలు వేయించుకుని, మెడలో ఈల, చేతిలో సొంత నూనె డబ్బాతో ప్రతి ఆదివారం తప్పకుండా దిగుతాడు. ఏనుగు మలుపు దగ్గర ఎత్తు బాగా ఎక్కువ, అక్కడ మామూలు సలహాలు చాలవు. ఆయన గొంతు సవరించుకుంటాడు. ఆవిరి ఎక్కడ వృథా అవుతోందో, ఈ దేశంలో రైళ్ళు ఎక్కడ దారి తప్పాయో, కూర్మినాయుడు పార ఎలా పట్టుకోవాలో చెబుతాడు. తాను లేకపోతే బండి ఎక్కదని ఆయన నమ్మకం. నీలంగెడ్డలో ఎవరూ దాన్ని కాదనరు, ఎందుకంటే ఎక్కదు.

ఇట్లా అంతా సజావుగా సాగుతుండగా కూర్మినాయుడి భార్య రవణమ్మకు మెడ మీద గడ్డ లేచింది.

రవణమ్మ పైకోన స్టేషన్లో ఉడకబెట్టిన సెనక్కాయలు అమ్ముతుంది. బండి మలుపు తిరగకముందే ఆమె కేక ఇంజనులోకి వినిపిస్తుంది. ఆ కేకను బట్టే కూర్మినాయుడు స్టేషన్ వచ్చిందనుకునేవాడు. ఈమధ్య పొద్దుటిపూట ఆ గొంతు బొంగురుపోతోంది. విజయనగరంలో డాక్టరు, కోసి తీసేస్తే మంచిది, ఉంచితే పెరగొచ్చు, పెరిగి ఏమవుతుందో చెప్పలేం అన్నాడు. విశాఖలో డాక్టరు, ఇప్పుడే కొయ్యొద్దు, మాత్రలు వేసుకుని చూద్దాం, కోస్తే గొంతు పోయే అవకాశం కొంచెం ఉంది అన్నాడు. ఇద్దరూ మంచివాళ్ళే, ఇద్దరూ నెమ్మదిగానే చెప్పారు. ఇద్దరూ చివర్లో, నిర్ణయం మీదే అన్నారు. విజయనగరం డాక్టరు ఇంకో రెండు వారాల తరవాత చాన్నాళ్ళు ఊళ్ళో ఉండడట. చేయించేట్టయితే ఆ రెండో వారం సోమవారమే వచ్చి చేరాలి, లేకపోతే లేదు.

రవణమ్మ మొగుడిని అడిగింది. నీ ఒళ్ళు కదా, నువ్వే సెప్పు అన్నాడతను. గొంతు పోతే సెనక్కాయలు ఎలగమ్మాలో తెలీదు, గడ్డ ముదిరితే ఏటవుతాదో తెలీదు, తెలీకుండా ఏటి సెప్పేది అందామె. కాసేపటికి ఆమెకే ఒక ఆలోచన వచ్చింది.

"అంతమంది సదూకున్నోలు నీ బండెక్కుతారు. ఒక్క మాట అడగలేవేటి?"

అడగడం నిషేధమని, అడిగితే బండి ఆగిపోతుందని అతను చెప్పాడు.

"బండి కోసం అడగొద్దన్నారు. నాకోసం అడగొద్దని ఎవులన్నారు?"

 సరేనన్నాడు.

ఆ ఆదివారం మొదటి పెట్టె నిండా జనం. ముందు ఉద్యోగధర్మానికి భంగం రాని పద్ధతిలోనే ప్రయత్నిద్దామనుకున్నాడు. గరాటా పక్కన నిలబడి, ఎవరితోనూ కాకుండా, గాలితో అన్నట్టుగా, ఇంట్లోదానికి మెడ మీద గడ్డ లేచింది, కొయ్యాలంటున్నారు అన్నాడు. అని తల గోక్కున్నాడు.

నీలంగెడ్డ లైను చరిత్రలో అంత మంట ఎప్పుడూ లేవలేదు. ధనియాలు నానబెట్టిన నీళ్ళు పరగడుపున తాగించమని పులిహోర ఆవిడ అంది. క్యాబేజీ మానెయ్యాలని ఒకాయన, క్యాబేజీయే తినాలని ఆయన తమ్ముడు. హోమియోపతి అని ఒకరు, కొండమందు అని ఒకరు, విజయవాడలో ఒక డాక్టరున్నాడు చెయ్యి పెడితే చాలని ఒకరు. మైకు ఆయన కూడా కర్ర పక్కన పెట్టి, రోజూ పావుగంట ఓంకారం చెయ్యమన్నాడు. బావమరుదులు, తోడల్లుళ్ళు, పక్కఫ్లాటులో ఉండే పిన్నిగారు, అందరి గడ్డలూ బయటికొచ్చాయి. ఆవిరి ముల్లు ఎర్రగీత దాటింది. పైనున్న మూత దానంతటదే లేచి బుస్సుమంది. బండి వంతెన మీద నుంచి ఎగురుకుంటూ పోయింది. డ్రైవరు తన సర్వీసులో మొదటిసారి బ్రేకు వేశాడు.

కూర్మినాయుడు చాలా సంతోషించాడు. చెప్పినవన్నీ మనసులో పోగుచేసుకుందామని చూశాడు. ఏమీ లేదు. ధనియాల దగ్గర మొదలైందని గుర్తుంది, ఆ తరవాత ఎటు పోయిందో గుర్తులేదు. పొయ్యి తలుపు తెరిచి చూశాడు. మెత్తటి తెల్లబూడిద ఉంది. మండినది మండినట్టే పోయింది. చెప్పినవాళ్ళక్కూడా గుర్తున్నట్టు లేదు. ఎవరికివాళ్ళు ఫోనుల్లో తీసుకున్న ఫొటోలు చూసుకుంటున్నారు.

మండకుండా మిగిలే సలహా కావాలంటే ఒకటే దారి. బండి ఏనుగు మలుపు ఎత్తు ఎక్కుతుండగా కూర్మినాయుడు పార కింద పెట్టాడు. తలకు చుట్టుకున్న తుండు తీసి మొహం తుడుచుకున్నాడు. ఉద్యోగానికి పెట్టుకునే మొహం దాంతోపాటే తుడుచుకుపోయింది. పెట్టెవైపు తిరిగి అడిగాడు.

"మీరంతా తెలిసినోలు బాబూ. కోయించమంటారా, వద్దంటారా? మీరైతే ఏటి సేద్దురు?"

పెట్టెలో మాట ఆగిపోయింది. ఇంజను రెండుసార్లు ఎగశ్వాస తీసి, అదీ ఆగిపోయింది. గెడ్డలో నీళ్ళ చప్పుడు వినపడింది. పులిహోర ఆవిడ గిన్నెకు మూత పెట్టుకుంది. క్యాబేజీ అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరో, ఇలాంటివి డాక్టర్నే అడగాలండి అన్నారు. డాక్టర్లు మమ్మల్నే తేల్చుకోమన్నారని కూర్మినాయుడు చెప్పాడు. అయితే మీరే ఆలోచించుకోవాలండీ అని ఇంకెవరో అన్నారు. ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోండి అన్నారు. మీ ఇష్టమండి అన్నారు. ఒక్కొక్కరే కిటికీలోంచి అడవిని చూడడం మొదలుపెట్టారు. అక్కడ చూడటానికి పెద్దగా ఏమీ లేదు.

కూర్మినాయుడు విశ్వేశ్వరరావు వైపు చూశాడు. ఆయనకు తెలియని విషయం ఉంటుందని అతను ఎన్నడూ అనుకోలేదు. విశ్వేశ్వరరావు టోపీ తీశాడు. టోపీ లోపల ఏదో రాసున్నట్టు కాసేపు దాంట్లోకి చూశాడు.

"మా ఆవిడప్పుడు నేను చేయించమన్నాను, నాయుడూ," అన్నాడు. టోపీ అటూ ఇటూ తిప్పి, "నన్నడక్కు," అన్నాడు.

ఆయన గొంతు ఆదివారాల గొంతులా లేదు. ఆ మాటకు పొయ్యిలో చిన్న నిప్పురవ్వ కూడా లేవలేదు.  నూనె డబ్బా ఆయన ఒళ్ళోంచి జారిపోతుంటే కూర్మినాయుడు పట్టుకుని పక్కన పెట్టాడు.

 అట్లా ఎంతసేపు ఉండేవాళ్ళో గానీ, వెనక పెట్టెలోంచి ఒకాయన దిగి వచ్చి, బండి ఆగితే చక్రాల కింద ఇసుక వెయ్యాలండీ, ఆమాత్రం తెలీదా అన్నాడు. పెట్టె మొత్తం బతికిపోయింది. ఇసుక కాదు నీళ్ళన్నారు. నీళ్ళు కాదు, బ్రేకు పట్టేసిందన్నారు. అసలు డ్రైవరును మార్చాలన్నారు. పొయ్యి భగ్గుమంది, బండి కదిలింది. సలహా చెప్పడానికి కిందికి దిగినవాళ్ళు చెబుతూనే పరిగెత్తి ఎక్కారు. విశ్వేశ్వరరావు ఒక్కడే ఏమీ అనకుండా టోపీ పెట్టుకున్నాడు.

పైకోనలో రవణమ్మ బుట్టతో ఎదురొచ్చింది. ఏటన్నారు అని అడిగింది. చాలా సెప్పారు అన్నాడు కూర్మినాయుడు. ఆమె బొంగురుగొంతుతో కేక వేసుకుంటూ పెట్టెల వెంట వెళ్ళింది. ప్రయాణికులంతా ఆమె దగ్గరే సెనక్కాయలు కొన్నారు. ఆమె మెడవైపు చూడకుండా కొన్నారు.

మర్నాడు నీలంగెడ్డలో ఇందుమతి కూర్మినాయుణ్ణి గదిలోకి పిలిచింది. నిషేధం దాటినందుకు మెమో ఇస్తుందనుకున్నాడు. ఆమె కుర్చీ వేసి కూర్చోమంది, టీ తెప్పించింది. మంచి మనిషి. ఆమెకూ తన చెల్లెలి విషయంలో ఇలాంటిదే వచ్చిందట, ఏం చేయాలో అప్పుడూ తెలియలేదట. మేడమ్, మీరైనా ఒక్క మాట సెప్పండి అన్నాడు. రేపేదన్నా అయితే నా మీదికొస్తుంది నాయుడూ, నేను చెప్పకూడదు అంది. ఆమె నిజంగానే బాధపడింది. బాధపడుతూనే ఇంకో సంగతి చెప్పింది. వంతెన మీద ఆవిరి ముల్లు ఎర్రగీత దాటిన విషయం పై ఆఫీసు దాకా వెళ్ళింది. వాళ్ళు చాలా సంతోషించారు. ఇకనుంచి ప్రతి ట్రిప్పులోనూ, ఎత్తు మొదలయ్యే చోట, అడిగినట్టు కాకుండా, రవణమ్మ మెడ సంగతి గాలితో అనాలి. దీన్ని విధుల్లో చేర్చారు.

కూర్మినాయుడు టీ తాగి సరేనన్నాడు. ఉద్యోగం అన్నాక విధులుంటాయి.

ఈ వారమంతా బండి టైముకే నడిచింది. ఏనుగు మలుపు దగ్గర ఎవరి ఆసరా అవసరం పడలేదు. సంగతి తెలిసి పక్క జిల్లాల నుంచి కూడా జనం వస్తున్నారు. కొంతమంది ధనియాల పొట్లాలు తెచ్చి ఇందుమతి టేబులు మీద పెట్టి వెళ్తున్నారు. ఆవిడకు ఎలా ఉంది అని అందరూ ఆప్యాయంగానే అడుగుతున్నారు, జవాబు వచ్చేలోగా చెప్పడం మొదలుపెడుతున్నారు. నిన్న పై ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి కూర్మినాయుడి భుజం మీద చెయ్యి వేశాడు. ఇలాంటి విషయాల్లో తొందరపడకూడదని, కనీసం సెలవుల రద్దీ తగ్గేదాకా ఆగి నిదానంగా ఆలోచించుకోమని అన్నాడు. బండి అప్పుడు కుళాయి పక్కనే ఉంది, కాబట్టి ఆ మాట కూడా కాలిపోయింది. కూర్మినాయుడికి భుజం మీద చెయ్యి మాత్రం గుర్తుంది.

ఈరోజు మళ్ళీ ఆదివారం. విశ్వేశ్వరరావు రాలేదు. ఆయన లేకపోయినా బండి ఎక్కింది, దిగింది. చీకటిపడింది. తెల్లారితే డాక్టరు చెప్పిన సోమవారం, విజయనగరం బస్సు పొద్దున్నే ఉంది. ఎక్కాలంటే బట్టలు ఇప్పుడే సర్దుకోవాలి. సంచీ మంచం మీద ఖాళీగా ఉంది. రవణమ్మ అన్నం వడ్డించి, ఎదురుగా కూర్చుని, మొగుడి మొహంలోకి చూస్తోంది. అతను తెలిసినవాడి మొహం పెట్టాలని చాలాసేపటి నుంచి ప్రయత్నిస్తున్నాడు. ఆ మొహం అతనికి అలవాటు లేదు.

అయ్యా, అమ్మా, ఇది చదువుతున్నవారెవరైనా ఉంటే, ఒక్క మాట. ఈ కథ చెబుతున్నవాళ్ళకు కూడా తెలియదు. తెలిసుంటే ఇంతదూరం లాక్కొచ్చేవాళ్ళం కాదు. ఇది అడిగి పుచ్చుకుంటున్న సలహా, ఇంజనుకు ఎందుకూ పనికిరాదు, కాబట్టి కాలిపోతుందన్న భయం లేదు. ధనియాల సంగతి వద్దు, మీ తోడల్లుడి సంగతి వద్దు. మీరే ఆలోచించుకోండి అని మాత్రం దయచేసి అనకండి, అది కావలసినంత ఉంది. మీరు ఆ ఇంట్లో ఆ పీట మీద కూర్చుని ఉంటే, ఆవిడ మీ మొహంలోకే అలా చూస్తూ ఉంటే, ఆ సంచీ సర్దమనేవారా, వద్దనేవారా?